మన డీఎన్‌ఏలోని పాత వైరస్‌లు హెచ్‌ఐవీని అడ్డుకుంటాయా?

కొంత అడ్డు తగలొచ్చు, కానీ వాటిని నమ్ముకుని మందులు మానేసేంత కాదు. మన జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, దాదాపు 8 శాతం, లక్షల, కోట్ల ఏళ్ల కిందట పూర్వీకుల అండాల్లోనో వీర్యకణాల్లోనో చొరబడి, అక్కడే ఉండిపోయి తరతరాలుగా వస్తున్న రెట్రోవైరస్‌ల (తమ జన్యువుల్ని కణం డీఎన్‌ఏలో కలిపేసే వైరస్‌ల) ముక్కలే. చాలావరకు చచ్చుపడినవే. హెచ్‌ఐవీ కూడా రెట్రోవైరసే, అంటే వాటికి దూరపు చుట్టం.

ఈ పాత వైరస్‌లలో అసలు చూడాల్సింది హెర్వ్-కె అనే గుంపుని. హెచ్‌ఐవీ కణంలో దిగాక దాని టాట్ ప్రోటీన్ వీటిని కూడా తట్టి లేపుతుంది. హెర్వ్-కె గాగ్ ప్రోటీన్ (వైరస్ రేణువు ఒళ్లు కట్టేది), హెచ్‌ఐవీ తన కొత్త రేణువులు కట్టుకునే చోట దాని గాగ్‌తో కలిసిపోతే బయటికొచ్చే వైరస్ తగ్గుతుంది, వచ్చినదానికీ అంటుకునే శక్తి తగ్గుతుంది అని 2012లో ల్యాబ్‌లో చూపించారు. కాకపోతే అక్కడ వాడింది చాలా కాపీలు పోల్చి మళ్లీ తయారుచేసిన గాగ్. మన ఒంట్లోవి మ్యుటేషన్లతో దెబ్బతిన్నవి, కాబట్టి నిజమైన రోగిలో ఇదే ప్రభావం ఉంటుందని ఖాయంగా చెప్పలేం.

ఇంకోటి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల రక్తంలో ఈ పాత ప్రోటీన్లను గుర్తుపట్టే టీ-కణాలు (రోగనిరోధక కణాలు) దొరికాయి. హెచ్‌ఐవీ ఎంత రూపం మార్చుకున్నా, అది దాగిన కణం పైన కనిపించే ఈ పాత ప్రోటీన్ల గుర్తు మారదు కదా, అందుకే వ్యాక్సిన్ పరిశోధకులకు దీని మీద ఆశ.