చేత్తో పట్టుకున్న 600 ఎంఎం లెన్స్‌తో అంతరిక్ష కేంద్రం ఆకారం తీయొచ్చా?

తీయొచ్చు. ట్రైపాడ్ లేకుండా, మీ దగ్గరున్న లెన్స్‌తోనే.

మీరు అడిగింది ఇది: 150-600 ఎంఎం లెన్స్ ఉంది, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీ ఊరి మీదుగా వెళ్లినప్పుడు నాలుగుసార్లు ప్రయత్నించారు, ప్రతిసారీ తెల్లటి ముద్ద తప్ప ఏమీ రాలేదు. చెయ్యి వణకడం వల్లేనా, టెలిస్కోపు కొనక తప్పదా అంటున్నారు. మీరు రాసిన సెట్టింగులు చూశాను: షట్టర్ 1/250 సెకను, ఐఎస్ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 3200, ఆటో ఫోకస్. మీ చేతిలో లోపం లేదు. ఈ మూడింటిలోనే ఉంది. నేను కూడా దాదాపు ఏడాదిపాటు ఇవే తప్పులు చేశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఎంత పెద్దగా కనిపిస్తుందో లెక్క వేద్దాం. కేంద్రం ఒక చివర నుంచి ఇంకో చివరికి 109 మీటర్లు. నేల నుంచి సుమారు 420 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతోంది. అది నడినెత్తి మీద ఉన్నప్పుడు ఆకాశంలో దాదాపు 53 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) ఉంటుంది. అంటే కంటికి చుక్కలా కనిపించే గురుగ్రహం ఆకాశంలో ఎంత వెడల్పు ఉంటుందో ఇదీ ఇంచుమించు అంతే. 600 ఎంఎం లెన్స్ దాన్ని సెన్సర్ మీద 0.156 మిల్లీమీటర్ల బొమ్మగా వేస్తుంది. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ సెన్సర్‌లో (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) ఒక్కో పిక్సెల్ 3.9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాబట్టి ఆ బొమ్మ 40 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. నలభై అంటే తక్కువే. కానీ నడుమ తెల్లటి గదులు, రెండు పక్కలా బంగారు రంగు సోలార్ ప్యానెళ్లు విడివిడిగా తెలియడానికి అది సరిపోతుంది. 300 ఎంఎం అయితే 20 పిక్సెళ్లే. అడ్డంగా సాగిన ఆకారం తెలుస్తుంది, అంతకు మించి ఆశించొద్దు.

ఇప్పుడు అసలు తప్పు. బయట చీకటి పడింది కాబట్టి రాత్రి ఫొటోలా తీయాలని మనకు అనిపిస్తుంది. కానీ మనం తీస్తున్న వస్తువు చీకట్లో లేదు. పైన దాని మీద మిట్టమధ్యాహ్నపు ఎండ పడుతోంది. అందుకే అది మనకు కనిపిస్తోంది కూడా. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు నల్లటి ఆకాశాన్ని చూసి వెలుగు పెంచుతుంది, దాంతో 40 పిక్సెళ్ల బొమ్మ తెల్లగా మాడిపోయి చుట్టుపక్కలకు పాకుతుంది. కెమెరా పూర్తిగా మాన్యువల్‌లో పెట్టండి. నేను షట్టర్ 1/1600 సెకను, లెన్స్ రంధ్రం ఎఫ్/6.3, ఐఎస్ఓ 1000తో మొదలుపెడతాను. వెనక స్క్రీన్ మీద ఫ్రేము మొత్తం నల్లగా, మధ్యలో చిన్న మసక చుక్క కనిపిస్తుంది. చూస్తే తక్కువైందేమోనన్న టెన్షన్ వస్తుంది. ఏమీ మార్చకండి. రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టిన సమాచారం మొత్తం ఉండే ఫైలు) తీస్తే తర్వాత కొంచెం వెలుగు పెంచుకోవచ్చు. తెల్లగా మాడిపోయింది మాత్రం తిరిగి రాదు.

ఇంకొక సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. సాయంత్రం పాస్‌లో (కేంద్రం మన ఆకాశం మీదుగా ఒకసారి వెళ్లడాన్ని పాస్ అంటారు) అది పడమటి వైపు నుంచి పైకి వస్తుంది. అప్పుడు సూర్యుడు దాని వెనకవైపు ఉంటాడు, కాబట్టి మనకు నీడ వైపు ఎక్కువగా కనిపిస్తుంది. నెత్తి దాటి తూర్పుకు తిరిగాక ఎండ పడిన వైపు మనకు ఎదురవుతుంది, బాగా మెరుస్తుంది. నాకు వచ్చిన మంచి ఫ్రేములన్నీ నెత్తి దాటిన తర్వాతి 20, 30 సెకన్లలోవే. తెల్లవారుజామున అయితే దీనికి రివర్స్.

ఫోకస్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నన్ను నెలల తరబడి ఏడిపించింది ఇదే. ఆటో ఫోకస్ కదిలే చుక్కను పట్టుకోలేక ముందుకూ వెనక్కూ పోతూనే ఉంటుంది. పాస్ సాగే ఆరు నిమిషాలూ అలాగే అయిపోతాయి. అది అర్థమయ్యాక నేను పగలే మా డాబా మీద నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న సెల్ టవర్ మీద ఫోకస్ చేసి పెట్టుకునేవాణ్ని. రెండు కిలోమీటర్లంటే అనంత దూరంతో సమానమే కదా అనుకున్నాను. కాదు. 600 ఎంఎం, ఎఫ్/6.3 దగ్గర రెండు కిలోమీటర్లకు ఫోకస్ చేస్తే ఆకాశంలోని చుక్క 28 మైక్రాన్ల మసక వలయంగా పడుతుంది. అంటే ఏడు పిక్సెళ్లు. మొత్తం బొమ్మే 40 పిక్సెళ్లు ఉన్నప్పుడు అందులో ఏడు మసకైతే ప్యానెళ్లు ఏం కనిపిస్తాయి? లెన్స్ మీద ఉండే అనంతం గుర్తును కూడా నమ్మకండి. ఈ జూమ్‌లలో రింగు ఆ గుర్తు దాటి ఇంకా తిరుగుతుంది.

ఆకాశంలో ఉన్నదాని మీదే ఫోకస్ చేయాలి. చంద్రుడు ఉంటే గుంతల అంచుల మీద, లేకపోతే గురుగ్రహం మీదో, బాగా మెరిసే ఏదైనా నక్షత్రం మీదో చేయండి. లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) పది రెట్లు పెద్దది చేసుకుని, రింగు మెల్లగా తిప్పుతూ చుక్క వీలైనంత చిన్నదయ్యే చోట ఆపాలి. ఆ తర్వాత మాన్యువల్ ఫోకస్‌లోకి మార్చి, రింగు కదలకుండా టేపు అంటించండి. జూమ్ రింగుకూ అంటించండి, లెన్స్ పైకి ఎత్తగానే అది జారుతుంది. ఇదంతా పాస్‌కు పదిహేను నిమిషాల ముందు చేయాలి, గంటల ముందు కాదు. లెన్స్ చల్లబడేకొద్దీ ఫోకస్ కొద్దిగా జరుగుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా తెచ్చి తీస్తే ముందు అద్దం మీద చెమ్మ కూడా పడుతుంది. అరగంట ముందే డాబా మీద పెట్టండి.

ఇక చెయ్యి సంగతి. మాది ఏలూరు. ఈ లెన్స్ కొన్నదే కొల్లేటి దగ్గరి ఆటపాకలో గూడబాతుల కోసం. మీరు కూడా పక్షుల ఫొటోలు తీస్తానన్నారు కాబట్టి ఈ లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో 60 మీటర్ల దూరంలో ఎగిరే పక్షి మన కంటికి సెకనుకు పది డిగ్రీలు కదులుతుంది. అంతరిక్ష కేంద్రం గంటకు 27,600 కిలోమీటర్ల వేగంతో పోతున్నా, అంత దూరంలో ఉంది కాబట్టి నడినెత్తిన కూడా సెకనుకు ఒక్క డిగ్రీయే కదులుతుంది. పక్షి కంటే పది రెట్లు నెమ్మది! రెక్క విదల్చదు, దారి మారదు. కొల్లేటి మీద పక్షిని వెంబడించిన చేతికి ఇది కష్టం కాదు. మీరు అసలు వెంబడించకుండా కెమెరాను ఒకేచోట ఆపి 1/1600 దగ్గర తీసినా సాగేది రెండు పిక్సెళ్లలోపే. చేత్తో కాస్త అనుసరిస్తే అది కూడా మిగలదు. ట్రైపాడే ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. నెత్తి మీదికి వచ్చేసరికి హెడ్ తిరగదు, మనిషి కిందికి దూరాల్సి వస్తుంది.

వణుకు చేతుల్లోంచి రాదు, మెడలోంచి వస్తుంది. రెండు కిలోల లెన్స్ ఎత్తి నిటారుగా పైకి చూస్తూ నిలబడితే నిమిషంలో మెడ పట్టేస్తుంది. నేను డాబా మీద మడత మంచం వేసుకుని వెల్లకిలా పడుకుంటాను. తల కింద దిండు, రెండు మోచేతులూ ఛాతీకి ఆనించి, కెమెరా నుదుటికి నొక్కిపెట్టి. మంచం వేసే దిక్కు ముఖ్యం. కేంద్రం వాయవ్యంలో లేచి ఆగ్నేయానికి పోతూ, నైరుతి వైపు 75 డిగ్రీల ఎత్తుకు చేరుతుందనుకోండి. కాళ్లు నైరుతికి పెట్టి పడుకోవాలి. అప్పుడు అది కుడి నుంచి ఎడమకు, మన ముందు నుంచే పోతుంది. కాళ్ల వైపు నుంచి తల వైపుకు పోయేలా పడుకుంటే సరిగ్గా మంచి సమయంలోనే తల వెనక్కి పోతుంది.

600 ఎంఎంలో క్రాప్ సెన్సర్‌కు కనిపించే ఆకాశం 2.2 డిగ్రీలు, 1.5 డిగ్రీలు. అందులోకి కేంద్రాన్ని తేవడమే మొదట్లో కష్టం. రెండు కళ్లూ తెరిచి, ఒక కంటితో నేరుగా, ఇంకో కంటితో వ్యూఫైండర్‌లోంచి చూడడం అలవాటు చేసుకోండి. ఫ్లాష్ పెట్టే చోట బిగించే రెడ్ డాట్ సైట్ (ఎర్ర చుక్కతో గురి చూపే పరికరం) దొరికితే ఇంకా సులువు. పాస్ లేని రోజుల్లో విమానాల దీపాల మీద సాధన చేయండి. షట్టర్ నొక్కి పట్టుకుని ఉండొద్దు, బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నిండిపోతుంది. సెకనుసేపు బర్స్ట్ (వరుసగా ఫొటోలు), కాస్త విరామం, మళ్లీ బర్స్ట్. వణుకు తగ్గించే స్టెబిలైజర్ నేను ఆపేస్తాను, 1/1600 దగ్గర దాని అవసరం కనిపించలేదు.

పాస్ ఎంచుకోవడంలో మొహమాటపడకండి. 30 డిగ్రీల ఎత్తులో వెళ్లేటప్పుడు కేంద్రం మనకు 770 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, బొమ్మ సగానికి సగం తగ్గిపోతుంది, పైగా మధ్యలో గాలి, దుమ్ము ఎక్కువ. 65 డిగ్రీలకు తక్కువైతే నేను కెమెరా తీయను, కళ్లతో చూసి ఊరుకుంటాను. సమయాల కోసం హెవెన్స్ అబవ్ వెబ్‌సైట్ చూస్తాను. నాసా వాళ్ల స్పాట్ ద స్టేషన్ కూడా ఉంది. వారం ముందు చూసిన సమయాన్ని పట్టుకుని కూర్చోకండి, కేంద్రాన్ని అప్పుడప్పుడు ఇంజిన్లు మండించి పైకి జరుపుతుంటారు, సమయం మారుతుంది. ఆ రోజే మళ్లీ చూసుకోండి. భూమి నీడలోకి ఎక్కడ వెళ్తుందో కూడా చూడండి, అక్కడితో అది కనిపించడం ఆగిపోతుంది.

నాకు మొదటిసారి ఆకారం వచ్చింది సునీతా విలియమ్స్ పైన ఉన్న చలికాలంలో. అప్పుడు లోపల ఏడుగురు ఉన్నారు. వాళ్లలో డాన్ పెటిట్ పైనుంచి భూమి ఫొటోలు తీయడంలో చెయ్యి తిరిగినవాడు. దిక్కు చూసి చెప్పే పని మా అమ్మాయిది. "నాన్నా, కొబ్బరిచెట్టు మీదుగా వచ్చింది, అదిగో!" అంది. మొత్తం 140 ఫ్రేములు తీశాను. కిందికి దిగి కంప్యూటర్‌లో ఒక్కొక్కటే పెద్దది చేసి చూస్తుంటే తొంభై ఎన్నో ఫ్రేము దగ్గర తనే ఆపింది. నడుమ తెల్లటి గీత, అటూ ఇటూ ముదురు పసుపు రంగులో జతలు జతలుగా ప్యానెళ్లు. గోరంత బొమ్మ. దాన్ని చూస్తూ మేమిద్దరం చాలాసేపు అలాగే కూర్చున్నాం. అందులో మనుషులున్నారన్న మాట ఎన్నిసార్లు చదివినా, నా చేతిలోని లెన్స్‌తో చూశాకే అది నాకు నిజంగా తగిలింది.

వందలో ఐదారు ఫ్రేములు పనికొస్తే బాగా వచ్చినట్టే. పైన గాలి కదలికలకు ఒక ఫ్రేము స్పష్టంగా, పక్కది వంకరగా వస్తుంది. బాగున్న ఐదారింటిని మూడు రెట్లు పెద్దవి చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలు) తగ్గుతుంది. పిప్, ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పనికి వాడతారు. ఏఐ షార్పెనింగ్ మాత్రం దయచేసి వాడకండి. 40 పిక్సెళ్లు ఇస్తే అది లేని ప్యానెళ్లు గీసి పెడుతుంది. మీ ఫొటోలో మీరు తీసినది మాత్రమే ఉండాలి.

వేరే వాటి గురించీ అడిగారు. హబుల్ టెలిస్కోపు మన అక్షాంశాల నుంచి బాగా కనిపిస్తుంది, కానీ దాని పొడవు 13 మీటర్లే. 600 ఎంఎంలో నాలుగు పిక్సెళ్లు వస్తాయి, ఆకారం తెలియదు. చైనా వాళ్ల కేంద్రం తియాన్‌గాంగ్, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కంటే చిన్నది, అది చేయి కుదిరాక ప్రయత్నించండి. సూర్యుడి మీదుగా కేంద్రం వెళ్లే దృశ్యం తీయాలనిపిస్తే లెన్స్ ముందు సరైన సోలార్ ఫిల్టర్ బిగించకుండా అటు తిప్పనే వద్దు, కన్ను పోతుంది.

తర్వాతి పాస్‌లో తీశాక ఒక్క ఫ్రేమును నూరు శాతం క్రాప్ చేసి ఇక్కడ పెట్టండి. బొమ్మ ఒకే దిక్కుకు సాగితే వెంబడించడం కుదరలేదని, అన్ని వైపులా మెత్తగా ఉంటే ఫోకస్ అని, అంచులు గట్టిగా ఉండి లోపల రంగేమీ లేకుండా తెల్లగా ఉంటే ఎక్స్‌పోజర్ అని చెప్పొచ్చు. చూసి, ఏది మార్చాలో చెప్తాను.