ఉబుంటులో పైథాన్3 లింకు మార్చాక టెర్మినల్ తెరుచుకోవడం లేదంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: శ్రీకాకుళంలో మీ కాలేజీ ల్యాబ్ సిస్టమ్స్‌లో ఉబుంటు 22.04 ఉంది, దానితోపాటు వచ్చిన పైథాన్ 3.10. పిల్లల ప్రాజెక్టుకు 3.12 కావాలి. పీపీఏ (ఉబుంటు అసలు జాబితాలో లేని ప్యాకేజీలు దొరికే బయటి భండారం) నుంచి 3.12 వేసి, ఒకే పేరు ఏ వెర్షన్‌ని పిలవాలో మార్చే అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్ కమాండుతో పైథాన్3 అనే పేరును దానివైపు తిప్పారు. అప్పటినుంచి టెర్మినల్ తెరుచుకోదు. వీఎస్ కోడ్ ఎడిటర్ లోంచి, ప్యాకేజీల జాబితాను తాజా చేసే ఆప్ట్ అప్‌డేట్ కొడితే 'ఆప్ట్ పీకేజీ' మాడ్యూల్ లేదని ఎర్రర్. అన్నీ ఫార్మాట్ చెయ్యాలా అని అడిగారు.

అక్కర్లేదు మాస్టారూ. నేను విజయనగరం చుట్టుపక్కల కాలేజీ ల్యాబ్‌లు చూస్తుంటాను. ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే ఈ కేసు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల స్క్రీన్ కన్సోల్ వస్తుంది, అక్కడ లాగిన్ అవ్వండి. ముందు అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్‌కి రిమూవ్ ఆల్ ఆప్షన్ ఇచ్చి పైథాన్3 ఎంట్రీలన్నీ తీసేయండి. దాంతో యూఎస్ఆర్ బిన్‌లోని పైథాన్3 లింకు కూడా పోతుంది, కంగారు పడొద్దు. తర్వాత లింకులు పెట్టే ఎల్ఎన్ కమాండుతో ఆ లింకును పైథాన్ 3.10 వైపు మళ్లీ పెట్టండి. ఈ రెండూ అదే వరసలో చెయ్యాలి. తిరగేస్తే మీరు పెట్టిన లింకునే మీరు చెరిపేసినట్టు అవుతుంది. రీస్టార్ట్ కూడా అక్కర్లేదు, టెర్మినల్ వచ్చేస్తుంది.

టెర్మినల్‌కీ పైథాన్‌కీ సంబంధమేమిటని మీ స్టూడెంట్స్ అడుగుతారు. ఉబుంటు 22.04లో మెనూ నుంచి టెర్మినల్ నొక్కినప్పుడు ముందు నడిచేది ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు. ఆప్ట్ అప్‌డేట్ అయ్యాక, తెలియని కమాండు కొడితే ప్యాకేజీ పేరు సూచించే పట్టికను తాజా చేసేది మరో స్క్రిప్టు. రెండూ యూఎస్ఆర్ బిన్‌లోని పైథాన్3నే పిలుస్తాయి. వాటికి కావలసిన మాడ్యూల్స్ కొన్ని సీ భాషలో రాసి 3.10 కోసం కంపైల్ చేసినవి, ఆ ఫైలు పేరులోనే 310 అని ఉంటుంది. అవి ఉండే డిస్ట్ ప్యాకేజెస్ ఫోల్డరు మాత్రం పైథాన్3 వెర్షన్లన్నింటికీ ఉమ్మడి. అందుకే 3.12 ఆ ఫోల్డరులోకి చూస్తుంది, మామూలు పైథాన్ ఫైళ్లు దొరుకుతాయి, కంపైల్ చేసినవి దొరకవు. ఆ 310 ఫైలు పేరు మార్చి 312 చేసేయమని సలహాలిచ్చేవాళ్లున్నారు. చెయ్యకండి, ఇంకో ఎర్రర్ కొనితెచ్చుకోవడమే. పాత పైథాన్3ని ఆప్ట్‌తో తీసేసి మళ్లీ వేద్దామని చూడటం అంతకన్నా ప్రమాదం. దానితోపాటు డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోతుంది.

జావాకి ఇదే కమాండు పనిచేసిందన్నారు. నిజమే. జావాను ఇచ్చే ఓపెన్‌జేడీకే ప్యాకేజీలు తమంతట తామే ఆల్టర్నేటివ్స్‌లో నమోదవుతాయి, 17 నుంచి 21కి మారడానికి అది అసలు దారే. పైథాన్3కి డెబియన్ (ఉబుంటుకు ఆధారమైన లినక్స్), ఉబుంటు కావాలనే ఆ ఏర్పాటు పెట్టలేదు. అది సిస్టమ్ వాడుకునే భాష, దాని వెర్షన్ నిర్ణయం వాళ్లది.

ఆ నిర్ణయం కూడా తేలిగ్గా తీసుకోరు. డెబియన్‌లో కొత్త పైథాన్ రాగానే డిఫాల్ట్ చెయ్యరు. ముందు పాతదాని పక్కన రెండోదిగా పెట్టి, సీ మాడ్యూల్స్ ఉన్న ప్యాకేజీలన్నీ రెండింటికీ మళ్లీ బిల్డ్ చేస్తారు. విరిగినవాటి మీద బగ్ రిపోర్టులు రాస్తారు, అవి బాగయ్యాక డిఫాల్ట్ మారుస్తారు, చివరికి పాతది తీసేస్తారు. పైథాన్‌తోపాటే వచ్చే మాడ్యూల్స్‌లో, ప్యాకేజీలు బిల్డ్ చేయడానికి వాడే డిస్ట్‌యుటిల్స్‌ని 3.12లో తీసేశారు, 3.13లో సీజీఐ, టెల్నెట్‌లిబ్ లాంటివి పోయాయి. అలాంటప్పుడు ఎన్ని పాత ప్యాకేజీలు సరిచేయాల్సి వస్తుందో ఊహించండి. ఒకసారి విడుదలయ్యాక మాత్రం ఆ వెర్షన్ కదలదు: 22.04కి 3.10, 24.04కి 3.12. డెబియన్‌లో 12కి 3.11, 2025 ఆగస్టులో వచ్చిన 13కి 3.13. సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి గానీ 3.10 ఒక రాత్రిలో 3.12 అయిపోదు. ల్యాబ్ నడిపేవాడికి కావలసింది అదే.

మీ 3.12ని మాత్రం తీసేయక్కర్లేదు. దాని వెన్వ్ (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పైథాన్, లైబ్రరీలు పెట్టుకునే ఫోల్డరు) ప్యాకేజీ కూడా వేసి, పైథాన్3.12 అని పూర్తి పేరుతో పిలిచి ప్రాజెక్టు ఫోల్డరులో వెన్వ్ చేయండి. అందులో పైథాన్ అంటే 3.12, బయట సిస్టమ్‌ది సిస్టమ్‌దే. కొత్త వెన్వ్‌లో సెటప్‌టూల్స్ ముందుగా ఉండదు, పాత లైబ్రరీ డిస్ట్‌యుటిల్స్ లేదని ఏడిస్తే ముందు లైబ్రరీలు వేసే పిప్‌తో సెటప్‌టూల్స్ వేసి చూడండి. స్టూడెంట్స్‌కి సుడో (అడ్మిన్ హక్కు) ఇవ్వడం ఇష్టం లేకపోతే యూవీ అనే టూల్ ఉంది. అది పైథాన్‌ని వాళ్ల హోమ్ ఫోల్డరులోకే దింపుతుంది, కాకపోతే ల్యాబ్‌లో నెట్ బాగుండాలి.

24.04కి వెళ్లే ఆలోచన ఉంటే, వెళ్లేముందు ఆ పీపీఏ నుంచి వచ్చిన 3.12ని తీసేయడం మంచిది, ఎందుకంటే 24.04 తన సొంత 3.12తో వస్తుంది. అలాగే ప్రతి ప్రాజెక్టులోనూ పిప్ ఫ్రీజ్ చేసి లైబ్రరీల జాబితా ఫైలుగా ఉంచండి. 3.10తో చేసిన పాత వెన్వ్‌లు అప్‌గ్రేడ్ తర్వాత పనికిరావు. బాగుచేయాలని కూర్చోకుండా చెరిపేసి, జాబితా నుంచి కొత్తవి చేసుకోవడమే. ఇంకొకటి, 24.04లో వెన్వ్ బయట పిప్ ఇన్‌స్టాల్ కొడితే సిస్టమ్ ఒప్పుకోదు. బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ ఆప్షన్ పెట్టి బలవంతం చేసే అలవాటు పిల్లలకు మొదట్లోనే మాన్పించండి.

దసరా సెలవుల్లో ఈ అప్‌గ్రేడ్ పెట్టుకోవద్దని మాత్రం చెబుతాను. మా విజయనగరం సిరిమాను సంబరం వల్ల కాదు, అక్టోబరు తుఫాన్ల వల్ల. హుద్‌హుద్, తిత్లీ రెండూ ఆ నెలలోనే కదా వచ్చాయి. సగం ప్యాకేజీలు మారాక కరెంటు పోతే, ఆప్ట్ వెనక ప్యాకేజీలను వేసే డీపీకేజీని మళ్లీ కాన్ఫిగర్ చేయించి లేపవచ్చు గానీ, ల్యాబ్ మొత్తం మీద ఆ టెన్షన్ ఎందుకు? వేసవిలో, యూపీఎస్ మీద, ముందు ఒక్క సిస్టమ్ చేసి చూడండి. దాని మీద పిల్లల ప్రాజెక్టులు నాలుగు నడిచాకే మిగతావి ముట్టుకోండి.