తాత చేసిన కుర్చీలు విప్పేముందు

చిట్టితల్లికి,

తాత చేసిన టేకు కుర్చీలు నాలుగూ మీ మియాపూర్ ఫ్లాటుకు తెప్పించుకున్నావనీ, ఊగే కాళ్లను నువ్వే బాగుచేస్తానంటున్నావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంట్లో ఉలి పట్టే చెయ్యి నాతోనే ఆఖరు అనుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ దసరాకు నాయనమ్మను అందులో కూర్చోబెడతానన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది.

ముందు కుర్చీని వంటగది గ్రానైట్ బండ మీద పెట్టి చూడు. అక్కడ ఊగకపోతే లోపం మీ నేలది. అక్కడా ఊగితే, ఒక్కో కాలూ పట్టుకుని కదిలించు. జాయింటు దగ్గర కదిలిందంటే కాలు పొట్టి కాలేదు, బెజ్జంలో కుసి వదులైంది. బెజ్జం అంటే కాలికి తొలిచిన రంధ్రం, కుసి అంటే కాళ్లను కలిపే అడ్డపట్టె చివర అందులో దిగేలా సన్నగా చెక్కిన భాగం. అప్పుడు రంపం జోలికి పోకు. వదులుగా ఉన్న కాలును కోస్తే ఎంత కోసినా సమం కాదు.

ఇది తాత పనిలో లోపం కాదు. చెక్క పోగు వెంట, అంటే నార సాగిన వైపు, దాదాపు కుదించుకోదు, పోగుకు అడ్డంగా కుదించుకుంటుంది. వానలకు ఉబ్బుతుంది, మన మే ఎండలకు సన్నబడుతుంది. కాలి పోగు నిలువు, పట్టె పోగు అడ్డం. కాబట్టి బెజ్జం, కుసి ఒకే తీరున కదలవు. ఏళ్లు గడిచేసరికి మధ్యలో జిగురు పగిలిపోతుంది. ఇప్పుడు వానలు కదా, కుసి ఉబ్బి బిగుతుగా తగలొచ్చు. బాగానే ఉందనుకుని వదిలేయకు.

ఇక మేకుల సంగతి. ఇది రెండుసార్లు చదువు. మా మేనత్త కుర్చీ ఊగుతోందని, తాత ఊళ్లో లేనప్పుడు, ఇంట్లోవాళ్లు ఒక దుకాణంలో ఇచ్చారు. వాళ్లు జాయింటు విప్పలేదు. పక్క నుంచి ఇనుప మేకులు దిగ్గొట్టి, పైన పాలిష్ వేసి ఇచ్చేశారు. ఊగడం ఆగింది, అందరూ మెచ్చుకున్నారు. తర్వాతి ఎండాకాలం మేనత్త అన్నం తింటూ పక్కనున్న మంచినీళ్ల చెంబు అందుకోబోయి ఒరిగింది, కాలు ఊడి పక్కకు పోయింది. తుంటి ఎముక విరిగింది. మళ్లీ ఆమె తనంతట తాను నడవలేదు. తాత వచ్చి ఆ కుర్చీ విప్పి నాకు చూపించాడు. రంధ్రం వేయకుండా మేకు కొట్టిన చోట పోగు వెంట సన్నటి చీలిక, దాని మీద మెరిసే పాలిష్. కుసి మీద పాత జిగురు అలాగే ఉంది. చెక్క ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, మేకు అలా కదలదు, కాబట్టి దాని చుట్టూ రంధ్రం పెద్దదవుతుంది. ఊగే కుర్చీలో ఎవరైనా జాగ్రత్తగానే కూర్చుంటారమ్మా. ఊగడం ఆగిన కుర్చీనే నమ్మి బరువంతా వేస్తారు. ఆ రోజు తాత ముఖం నేను చూశాను, నువ్వు చూడలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, కోపం అనుకోకు.

విప్పేముందు ప్రతి జాయింటుకూ పెన్సిల్‌తో నంబరు వెయ్యి. పాలిష్ కింద చిన్న గుండ్రటి మచ్చ కనబడితే అది తాత కొట్టిన వెదురు చీల. ముందు దాన్ని తియ్యి, లేకపోతే కుసి విరుగుతుంది. గుడ్డ అడ్డం పెట్టి చెక్క సుత్తితోనే కొట్టు.

ఫెవికాల్ వచ్చింది 1959లో. ఈ కుర్చీలు అంతకుముందువి, సరేసుతో అతికించినవి. తాత సరేసు ఉడికిస్తుంటే ఇల్లంతా వాసన, నాయనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిట్టేది. అది జంతువుల జిగురు, వేడినీళ్ల గుడ్డ చుడితే మెత్తబడి వదిలేస్తుంది. మధ్యలో ఎవరైనా ఫెవికాల్ పూసి ఉంటే మాత్రం ఉలితో ఓపిగ్గా గీకాలి. పాత ఫెవికాల్ మీద కొత్తది పట్టదు, ఉత్త చెక్క తేలాలి. తడిపిన చెక్కను పూర్తిగా ఆరనివ్వు.

కుసి సన్నబడితే ఆ ఖాళీని రంపపు పొట్టుతో నింపకు. పలచటి టేకు పొర కుసికి రెండు వైపులా అతికించి, చేత్తో తోస్తే బిగుతుగా దిగేంతవరకూ చెక్కు. టేకులో నూనె ఉంటుంది, జిగురుకు ముందు థిన్నర్ గుడ్డతో తుడువు. కిటికీలు తెరువు, స్టవ్ ఆర్పు. ఈ రెండూ మరిచిపోతే నేను ఊరుకోను.

జిగురు పచ్చిగా ఉండగానే నాలుగు కాళ్లూ ఆ గ్రానైట్ బండ మీద ఆనేలా సరిచేసి, అప్పుడు బిగించు. మూల నుంచి మూలకు రెండు వైపులా కొలత ఒకటే రావాలి. 24 గంటలు కదపకు. బిగించి పట్టే క్లాంపులకు రాణీగంజ్ పోయి డబ్బు పెట్టకు, నావి మీ నాన్నతో పంపుతున్నాను.

ఆరాక, 25 కిలోల బియ్యం బస్తాలు మూడు కుర్చీ మీద పెట్టి రాత్రంతా ఉంచు. పొద్దున బస్తాలు దించి, కాళ్లు మళ్లీ కదిలించి చూడు. తర్వాత మీ ఆయన్ని కూర్చోబెట్టి వెనక్కి, పక్కలకు ఒరగమను. ఎక్కడైనా కిర్రుమంటే నాకు ఫోన్ చెయ్యి, మెట్రో ఎక్కి వచ్చేస్తాను. నేను చూసేదాకా నాయనమ్మను అందులో కూర్చోనివ్వకు.

మీ పెదనాన్న