ఏ తూటా మంచిదో అయిదు రౌండ్లతో తేలదు

మీ దగ్గర లైసెన్సున్న .32 పిస్టల్ ఉంది, యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు నీళ్ళ డబ్బాల మీద, జెల్లీ దిమ్మల మీద 9 ఎం.ఎం., .45 కాల్చి పోలుస్తున్నట్టు మనం కూడా .22, .32 పోల్చి చూడొచ్చా అని అడిగారు. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ ఉందని కూడా రాశారు.

ముందు ఆ ఫామ్‌హౌస్ మాట మర్చిపోండి. లైసెన్సు ఉన్నంత మాత్రాన తోటలో కాల్చుకోవచ్చని కాదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, పక్కవాళ్ళ ప్రాణాలకు ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా పేలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. పెళ్ళి బరాత్‌లో గాల్లోకి కాల్చేవాళ్ళకీ అదే సెక్షన్. పైగా గట్టి నేల మీద పడ్డ తూటా ఎటు ఎగిరిపోతుందో కాల్చినవాడికే తెలియదు.

జెల్లీ సంగతి కూడా అంత తేలిక కాదు. 1986లో మయామీలో జరిగిన ఎదురుకాల్పుల తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వాళ్ళు తూటా ఎంత లోతుకు దిగాలో 12 నుంచి 18 అంగుళాలని కొలత పెట్టుకున్నారు. ఆ కొలత, ఒంటి కండకు బదులుగా వాడే 10 శాతం జెలటిన్ దిమ్మకు, అదీ 4 డిగ్రీల చల్లదనంలో ఉంచినదానికి. మే నెలలో ఆ దిమ్మను కారు డిక్కీలో వేసుకుని షూటింగ్ రేంజ్‌కి చేరేలోపు పాయసం అవుతుంది. ఇక 9 ఎం.ఎం. మామూలు జనానికి లైసెన్సు దొరకని బోరు (గొట్టం సైజు), కాబట్టి దాంతో పోలిక ఎలాగూ లేదు.

మేం చేసింది చెబుతాను. నేను .22 స్పోర్ట్ పిస్టల్ కాలుస్తాను. ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ రజతం తెచ్చిన 25 మీటర్ల ఈవెంట్ ఉంది కదా, అదే రకం (నా స్కోరు గురించి మాత్రం అడక్కండి). రేంజ్‌లో పరిచయమైన ఒక అన్న దగ్గర .32 పిస్టల్ ఉంది. ఎవరి పిస్టల్ వాళ్ళే కాల్చాలని అనుకుని, కోచ్ అనుమతి తీసుకుని, ఒక ఆదివారం పొద్దున్నే కూర్చున్నాం. ఇసుక సంచి, 25 మీటర్ల టార్గెట్ పేపర్లు, స్కేలు, అరువు తెచ్చిన క్రోనోగ్రాఫ్. అంతే సరంజామా.

క్రోనోగ్రాఫ్ అంటే తూటా వేగం కొలిచే పెట్టె. రెండు సెన్సర్ల మీదుగా తూటా నీడ దాటడానికి ఎంత సమయం పట్టిందో చూసి లెక్క కడుతుంది. నా .22 మొదటి రౌండు సెకనుకు 281 మీటర్లు. రెండోది 278. అన్న వంతు వచ్చింది, 512! "చూసినవా, నాది రాకెట్" అని ఆయన ఒకటే సంబరం. .32కి అంత వేగం కలలో కూడా రాదు. కాసేపు తల గోక్కున్నాక కోచ్ పైకి చూపించాడు, నెత్తిమీద ట్యూబులైటు. కంటికి కనపడదు గానీ అది సెకనుకు వందసార్లు మినుకుతుంది, సెన్సర్ దాన్నే తూటా నీడ అనుకుంటుంది. లైటు ఆర్పి పెట్టెను కాస్త ఎండ వెలుగు తగిలేచోట పెడితే రాకెట్ 265కి దిగొచ్చింది.

ఇప్పుడు పోలిక. .22 తూటా బరువు 2.6 గ్రాములు, .32ది 4.6. మేం కొలిచిన వేగాలతో లెక్కేస్తే .22కి సుమారు 100 జౌళ్ళ శక్తి, .32కి 160. పిల్లలు నేర్చుకునే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అయిదారు జౌళ్ళే. అంటే .32 బలమైనదే, కానీ యూట్యూబ్ చూసి ఊహించుకున్నంత తేడా లేదు. ఇది ఇంట్లో కాగితం మీద కూడా వేసుకోవచ్చు, దీనికోసం రౌండ్లు తగలేయక్కర్లేదు.

అసలు చూడాల్సింది గ్రూపు, అంటే రంధ్రాలన్నీ పేపర్ మీద ఎంత వెడల్పులో పడ్డాయన్నది. ఎంత చిన్నదైతే అంత మంచిది. అన్న రెండు కంపెనీల డబ్బాలు తెచ్చాడు, పేర్లెందుకు, మొదటిది రెండోది అనుకుందాం. మొదటిదాంతో అయిదు రౌండ్లు కాలిస్తే అన్నీ 28 మి.మీ.లో పడ్డాయి. రెండోదాంతో 51. ఇంకేముంది, మొదటిదే గొప్పదని అన్న తీర్పు చెప్పేశాడు. కోచ్ ఒప్పుకోలేదు. ఒక్కో రకం ఇరవై చొప్పున, అదీ ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి కాల్చమన్నాడు, ఎందుకంటే చేయి అలిసేకొద్దీ గ్రూపు పెరుగుతుంది, చివర్లో కాల్చిన డబ్బాకి అన్యాయం జరుగుతుంది. ఇరవై అయ్యేసరికి మొదటిది 58, రెండోది 55. పదో నంబరు వలయమే 50 మి.మీ. ఉంటుంది, ఆ తేడా ఏ లెక్కలోకీ రాదు. కొన్న ప్రతి రౌండూ మన లైసెన్సులో ఎక్కుతుంది కాబట్టి అమెరికా వాళ్ళలా వందలకు వందలు కాల్చలేం. అందుకే ఉన్న నలభైని సరిగ్గా వాడాలి.

ఇంకోటి, ఆ రోజు నన్ను నిజంగా భయపెట్టింది. అన్న దగ్గర పదేళ్ళ నాటి డబ్బా ఒకటి ఉండేది, చెమ్మ గోడకి ఆనించిన బీరువాలో చీరల కింద పెట్టాడట. అది కూడా చూద్దామన్నాడు. మూడు బాగానే పేలాయి. నాలుగోది "తుస్సు" మంది. పేపర్ మీద రంధ్రం లేదు, క్రోనోగ్రాఫ్‌లో నంబరు లేదు. అన్న స్లైడు లాగి ఇంకోటి ఎక్కించబోతుంటే కోచ్ అరిచిన అరుపు గేటు దాకా వినిపించి ఉంటుంది. పిస్టల్ మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగి, మ్యాగజైన్ తీసి, ఖాళీ చేసి విప్పి చూస్తే బారెల్ మధ్యలో తూటా ఇరుక్కుని ఉంది. వెనక ఇంకోటి కాల్చి ఉంటే బారెల్ చీలేది. వేళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. పిస్టల్‌ని గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. మిగతా డబ్బాను అన్న మళ్ళీ ముట్టుకోలేదు, వాపసు ఇవ్వడానికి డీలర్‌తో మాట్లాడాడు.

మీరు మొదలుపెట్టేటప్పుడు మీ రేంజ్‌లో .32 కాల్చనిస్తారో లేదో ముందే అడగండి, కొన్నిచోట్ల ఎయిర్, .22 మాత్రమే. కళ్ళద్దాలు, చెవులకు మఫ్‌లు తప్పనిసరి. కాల్చిన ప్రతి పేపర్ మీద తేదీతో పాటు డబ్బా మూత మీదుండే లాట్ నంబర్ (ఏ విడతలో తయారైందో చెప్పేది) కూడా రాయండి. అదే కంపెనీ, అదే పేరు, లాట్ మారితే గ్రూపు మారుతుంది. నా .22తో అది రెండుసార్లు చూశాను.