‘పర్నాసస్ గడ్డి’ అనవచ్చా?

సందేహం: బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు తెలుగు చెబుతున్నాను. కొండపూల మీద గోడపత్రిక కోసం ఇంగ్లీషు నుంచి ఇలా రాసుకున్నాను: “పర్నాసస్ గడ్డి ఉప ఆల్పైన్ మైదానాల్లో, ఊబుల్లో పెరిగే చిన్న తెల్లని పువ్వు.” గడ్డి పువ్వెలా అవుతుందని పిల్లలు అడుగుతున్నారు. ఎలా దిద్దమంటారు? — ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

సమాధానం: పిల్లలు సరిగ్గానే పట్టుకున్నారమ్మా. అది గడ్డిజాతి మొక్క కాదు. డయాస్కరిడీస్ అనే ప్రాచీన గ్రీకు వైద్యుడు గ్రీసులోని పర్నాసస్ కొండ మీది ‘గడ్డి’ అంటూ ఒక మొక్కను పేర్కొన్నాడు. 16వ శతాబ్దంలో యూరప్ వృక్షశాస్త్రజ్ఞులు ఆ పేరు తెచ్చి ఈ పువ్వుకు పెట్టారు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి ‘పర్నాసియా పాలుస్ట్రిస్’ అని శాస్త్రీయనామం పెట్టాడు. అందులో కొండ మిగిలింది, గడ్డి పోయింది. ఇంగ్లీషు వాడుకలో మాత్రం గడ్డి అలాగే ఉండిపోయింది.

మనకూ గడ్డిచేమంతి ఉంది కదా, అదీ గడ్డి కాదు కదా అంటారేమో. తెలుగు సమాసంలో బరువు చివరి మాట మీద పడుతుంది. గడ్డిచేమంతి అంటే గడ్డిలో పడి మొలిచే చేమంతి. ‘పర్నాసస్ గడ్డి’ అన్నారంటే అది గడ్డే అయి కూర్చుంటుంది. తుంగ, జమ్ము కూడా శాస్త్రం లెక్కన గడ్డి కుటుంబానివి కావు. అయినా తుంగగడ్డి, జమ్ముగడ్డి అంటాం, ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి. ఈ మొక్కకు ఆ పోలికా లేదు. ఆకు హృదయాకారం. కాడకు ఒక్కటే పువ్వు, ఐదు తెల్లని రేకులు, వాటి మీద లేతాకుపచ్చ ఈనెలు. పుప్పొడినిచ్చే కేసరాలు ఐదు, వాటి సందుల్లో పుప్పొడి లేని వంధ్య కేసరాలు మరో ఐదు. వంధ్య కేసరాల కొసలు పోగులు పోగులుగా చీలి, ఒక్కో పోగు చివర తేనెబొట్టులా మెరిసే పసుప్పచ్చ బొడిపె ఉంటుంది. ఆ మెరుపు చూసి ఈగలు వాలతాయి. ఇంత అందాన్ని గడ్డి అనడానికి నాకు మనసొప్పదు. ‘పర్నాసస్ పువ్వు’ అనండి. శ్వేతహిమసుమం వంటి కొత్త పేర్లు కట్టకండి, రేపు ఆ పిల్లలు ఏ పుస్తకంలో వెతికినా అవి దొరకవు.

ఇక ఊబి. కాలు పెడితే దిగబడేది, పైకి లాక్కోనివ్వనిది ఊబి. అప్పుల ఊబి అంటున్నది ఆ భయంతోనే. దమ్ముచేసిన మడిలోది అడుసు, వానకు వీధిలో అయ్యేది బురద. సముద్రతీరపు పల్లపు నేలను కోస్తాలో పర్ర అంటారు. మీకు కావలసింది నాచుతో, నీటితో ఏడాది పొడుగునా తడిసి ఉండే చల్లని నేల. దానికి ‘చిత్తడి నేల’ చక్కగా సరిపోతుంది. పాలుస్ట్రిస్ అన్న లాటిన్ మాటకూ అదే అర్థం.

మైదానమంటే చదునైన నేల. కొండవాలుకు ఆ మాట నప్పదు, ‘పచ్చికబయళ్లు’ అనండి. కన్నడంలోనూ బయలు ఉంది కనుక మీ పిల్లలకు చప్పున అందుతుంది. ‘ఉప ఆల్పైన్’ను విప్పి చెప్పడమే మేలు.

మీ వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: “పర్నాసస్ పువ్వు చిన్నది, తెల్లనిది. కొండ మీద చెట్లు ఇక పెరగలేని ఎత్తుకు కాస్త దిగువన, పచ్చికబయళ్లలో, చిత్తడి నేలల్లో పూస్తుంది.”