మా వీడియో ప్రాజెక్టు సాఫ్ట్‌వేరుకు పేటెంటు వస్తుందా?

శ్రీకాకుళంలో ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్న మీరు అడిగినది ఇది: గోడమీద ప్రొజెక్టరుతో తప్పెటగుళ్ల (గుండెకు తప్పెట కట్టుకుని ఆడే జానపద నృత్యం) కళాకారుడి బొమ్మ పడుతుంది, ఎదురుగా నిలబడిన పిల్లవాడు అడుగు వేస్తే కెమెరా గుర్తించి బొమ్మ చేత అదే అడుగు వేయిస్తుంది, ఈ సాఫ్ట్‌వేరుకు పేటెంటు వస్తుందా, కాపీరైటు సరిపోతుందా, వచ్చే నెల కళాశాల ప్రదర్శనలో పెట్టవచ్చా? ప్రశ్న చివర మరో సంగతి కూడా ఒక్క ముక్కలో రాశారు. ప్రొజెక్టరు వెలుగు పిల్లవాడి ఒంటిమీద పడినప్పుడు కెమెరా పొరబడకుండా ఒక చిన్న సర్దుబాటు చేశామన్నారు. నా దృష్టిలో మీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైనది ఆ సర్దుబాటే.

ప్రదర్శన సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే గడువు ఉన్నది దానికే. దరఖాస్తు వేయకముందు ఆ పద్ధతిని ఎవరికీ బహిరంగంగా వివరించకండి, పోస్టరు మీద రాయకండి, కోడును గిట్‌హబ్‌లో (కోడు పంచుకునే వెబ్‌సైటు) అందరికీ కనిపించేలా పెట్టకండి. మన పేటెంట్ల చట్టంలోని 31వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది కానీ, అది ప్రధానంగా కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకూ, విద్వత్సంఘాల ముందు చదివిన పత్రాలకూ, అదీ 12 నెలల లోపు దరఖాస్తు వేసినవారికీ వర్తిస్తుంది. కళాశాలలో జరిగే సాంకేతిక ప్రదర్శన ఆ కోవలోకి రాదు. ఈ నిబంధనను నేను నష్టపోయిన తరువాత నేర్చుకున్నాను.

నాది విజయనగరం. ప్రోగ్రామింగు వృత్తిలోకి రాకముందు పెళ్లిళ్లకూ జాతరలకూ వీడియో తీసేవాణ్ణి, తరువాత కూడా ఆ పని పూర్తిగా మానలేదు. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ఆ రోజుల్లో వీధులన్నీ జనంతో నిండిపోతాయి, ప్రతి చేతిలోనూ ఫోను ఉంటుంది, సెల్ టవర్ల మీద భారం పెరిగి అప్‌లోడు వేగం పడిపోతుంది. 2016లో ఒక తప్పెటగుళ్ల దళం ఆటను, దూరదేశాల్లో ఉన్న మా ఊరివాళ్ల కోసం లైవ్‌లో పంపుతున్నప్పుడు మాకు నిలకడగా దొరికినది సెకనుకు 2 మెగాబిట్ల దారి మాత్రమే.

ఆ 2 మెగాబిట్లు ఎంత ఇరుకో లెక్క వేసి చూడండి. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న చిత్రాలను సెకనుకు 25 చొప్పున తీసుకుంటే, రంగుల వివరాన్ని నాలుగో వంతుకు తగ్గించిన తరువాత కూడా, కుదించని వీడియో సెకనుకు 622 మెగాబిట్లు అవుతుంది. అంటే మూడు వందల రెట్లకు పైగా కుదించాలి. వీడియోను కుదించే హెచ్.264 ఎన్‌కోడరు చిత్రాన్ని 16×16 చుక్కల గడులుగా విడదీసి, ఒక్కొక్క గడి వెనకటి ఫ్రేములో ఎక్కడ ఉండేదో వెతికి, తేడాను మాత్రమే పంపుతుంది. మెల్లగా సాగే దృశ్యానికి ఇది చక్కగా సరిపోతుంది. తప్పెటగుళ్లలో అలా కాదు. దరువు ఉధృతమైనప్పుడు గుండెకు తప్పెట కట్టుకున్న ఆటగాళ్లందరూ ఒక్కసారిగా ఎగిరి గిర్రున తిరుగుతారు. ఆ క్షణంలో వెనకటి ఫ్రేముతో పోలికలు దొరకవు, పంపవలసిన తేడా విపరీతంగా పెరుగుతుంది, బిట్ల లెక్క దాటకూడదు కాబట్టి ఎన్‌కోడరు వివరాలను మొరటుగా కత్తిరిస్తుంది. గజ్జెల కాళ్లు గడులు గడులుగా చెదిరిపోయాయి. ఆట ప్రాణమంతా ఉన్న క్షణమే చూసేవాళ్లకు అందకుండా పోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదట కాళ్లూ తప్పెటా ఉన్న భాగానికి ఎక్కువ బిట్లు, వెనక ఉన్న జనానికి తక్కువ బిట్లు కేటాయించే ఏర్పాటు చేశాను. అది కొత్తదనుకున్నాను కానీ, ముఖ్యమైన భాగాన్ని మెరుగ్గా కోడు చేసే పద్ధతి చిత్రాలను కుదించే 2000 నాటి జేపెగ్ 2000 ప్రమాణంలోనే ఉందని వెతికితే తెలిసింది. రెండో ఆలోచన నిజంగా నాది. దరువు వింటున్న మనిషికి ఎగిరే క్షణం ఎప్పుడు వస్తుందో ముందే అంచనా ఉంటుంది. కాబట్టి మైకులో వినిపించే దరువు వేగాన్ని బట్టి రాబోయే ఎగురును ఊహించి, అంతకు ముందు ఫ్రేముల్లో బిట్లు కొంచెం పొదుపు చేసి, ఆ క్షణానికి దాచిపెట్టే ప్రోగ్రాము రాశాను. అది పని చేసినప్పుడు కలిగిన సంతోషంలో 2017లో ఒక సదస్సులో స్లయిడ్లతో సహా అంతా వివరించాను, వాటిని నెట్‌లో కూడా పెట్టాను. 2018లో పేటెంటు దరఖాస్తు వేశాను. పరీక్షా నివేదిక వచ్చినప్పుడు, నా ఆవిష్కరణ కొత్తది కాదనడానికి పేటెంటు కార్యాలయం ఎగ్జామినర్ చూపిన పత్రాల్లో నా స్లయిడ్లే ఉన్నాయి. చట్టం ప్రకారం ఆయన చేసినది సరైన పనే. దరువును బట్టి బిట్లు కేటాయించే మూల ఆలోచన అక్కడితో నా చేయి దాటిపోయింది.

చివరికి పేటెంటు వచ్చినది స్లయిడ్లలో నేను ప్రస్తావించని ఒక చిన్న భాగానికి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. కెమెరా దగ్గరి మైకు ఆటగాళ్లకు 34 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం దృశ్యం కంటే 100 మిల్లీసెకన్లు, అంటే రెండున్నర ఫ్రేములు, ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని సరిదిద్దకపోతే దాచిన బిట్లు ఎగిరే క్షణం దాటిపోయిన తరువాత ఖర్చవుతాయి. చేతులు తప్పెట మీద పడే కదలికనూ, మైకులో వినిపించే దెబ్బనూ పోల్చి, ఎంత దూరమో ఎవరూ చెప్పనవసరం లేకుండా ఆ తేడాను సాఫ్ట్‌వేరే కొలుచుకునేలా చేశాను. నేను చిన్న సర్దుబాటు అనుకుని స్లయిడ్లలో చోటు ఇవ్వనిది అదే. మీ ప్రశ్న చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోవడానికి కారణం ఇదీ.

ఇక చట్టం. 1970 నాటి పేటెంట్ల చట్టంలో 3(కె) సెక్షన్ ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కేవలం కంప్యూటరు ప్రోగ్రాము, అల్గారిథం అనేవి ఆవిష్కరణలు కావు. ‘కేవలం’ అన్న అర్థం ఇచ్చే మాట 2002 సవరణతో వచ్చింది, సాఫ్ట్‌వేరు దరఖాస్తుల బరువంతా ఆ మాట మీదే నిలుస్తుంది. ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబరులో ఇచ్చిన తీర్పు, ప్రోగ్రాముతో కూడిన ఆవిష్కరణ సాంకేతిక ఫలితాన్ని చూపగలిగితే కేవలం ప్రోగ్రాము అన్న కారణంతో తిరస్కరించరాదన్న దారిని స్పష్టం చేసింది. మీలాంటి ఇంటరాక్టివ్ ప్రాజెక్టులకు ఇంకా రెండు అడ్డంకులు ఉన్నాయి, వాటిని చాలామంది గమనించరు: 3(ఎమ్) కింద ఆట ఆడే పద్ధతికీ, 3(ఎన్) కింద సమాచారాన్ని చూపించే తీరుకూ పేటెంటు లేదు. కాబట్టి పిల్లవాడు అడుగు వేస్తే బొమ్మ అడుగు వేస్తుంది అని మీ దరఖాస్తు మొదలైతే, అది ఆటగానూ ప్రదర్శనగానూ కనిపించే ప్రమాదం ఉంది. పైగా ఆ ఆలోచన పాతది. మనిషి కదలికను కెమెరా చూసి తెర స్పందించే ఏర్పాటును మైరన్ క్రూగర్ 1970లలోనే వీడియోప్లేస్ పేరుతో చేసి చూపించాడు, 2010లో వచ్చిన కినెక్ట్ అనే వీడియో ఆటల కెమెరా దాన్ని ఇళ్లలోకి తెచ్చింది.

గణితానికీ, దానితో పని చేసే యంత్రానికీ ఉన్న తేడా అర్థం కావడానికి చిత్రాలను కుదించడానికి వాడే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫారం అనే సూత్రం మంచి ఉదాహరణ. నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు కలిసి 1974లో దాన్ని ప్రచురించారు. (కె.ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహనరావు. మన ఫోన్లలో ఫొటోలూ వీడియోలూ కుదించుకునే తీరు వెనక ఆయన చేయి కూడా ఉందని మా దగ్గరికి వచ్చే పిల్లలందరికీ నేను తప్పక చెబుతాను.) ఆ సూత్రం గణితం, మన చట్టం ప్రకారం దానంతట దానికి పేటెంటు రాదు. ఆ సూత్రాన్ని వాడుతూ ఒక ఎన్‌కోడరు తక్కువ బిట్లతోనో తక్కువ ఆలస్యంతోనో పని చేసేలా కొత్తగా అమర్చితే, ఆ అమరికకు దారి ఉంటుంది. వాళ్లు దాన్ని సొంతం చేసుకోకుండా పత్రంగా లోకానికి ఇచ్చారు, అదీ గౌరవమైన మార్గమే. మీరూ అలా ఇవ్వదలచుకుంటే తేదీతో సహా ప్రచురించండి. తరువాత ఇంకెవరూ దాన్ని తమదని చెప్పుకోవడం కష్టమవుతుంది. కానీ ఆ నిర్ణయం ఆలోచించి తీసుకున్నది కావాలి, నాకు జరిగినట్లు పొరపాటున జరిగిపోకూడదు.

ఇప్పుడు మీ సర్దుబాటు దగ్గరికి వద్దాం. ప్రొజెక్టరు బొమ్మ కదిలినప్పుడల్లా ఆ వెలుగునే కెమెరా పిల్లవాడి కదలికగా భావించడం ఈ రంగంలో పాత తలనొప్పి. దృశ్యాన్ని పరారుణ కాంతితో వెలిగించి, కెమెరాకు ఆ కాంతిని మాత్రమే రానిచ్చే ఫిల్టరు పెట్టడం అందరికీ తెలిసిన పరిష్కారం. మీరు అలా చేయకుండా, తాము ఏ బొమ్మ వేశామో సాఫ్ట్‌వేరుకు ముందే తెలుసు కాబట్టి కెమెరా చిత్రంలో నుంచి దాన్ని తీసివేస్తున్నామన్నారు. తీసివేత మాత్రమే అయితే అది కూడా కొత్తది కాకపోవచ్చు. అసలు చిక్కులు అక్కడి నుంచే మొదలవుతాయి. పంపిన ఫ్రేము గోడమీద పడి కెమెరా గుండా తిరిగి వచ్చేసరికి కొన్ని ఫ్రేముల ఆలస్యం జరుగుతుంది. ఏ పాత ఫ్రేమును తీసివేయాలో మీ ప్రోగ్రాముకు ఎలా తెలుస్తోంది? గోడ చదునుగా ఉంటుంది, పిల్లవాడి ఒళ్లు గోడకు ముందు, వంపులతో ఉంటుంది. అదే వెలుగు అతని మీద వేరే చోట పడుతుంది కదా, ఆ తేడాను ఎలా సరిచేస్తున్నారు? ఎర్ర చొక్కా మీద పడిన నీలి వెలుగు గోడమీద కనిపించినట్లు కనిపించదు. దానికి ఏం చేశారు? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి మీ దగ్గర మీకు తోచిన సొంత జవాబు ఉన్నా, ఆవిష్కరణ అక్కడ ఉంది. దరఖాస్తు దాని గురించే రాయాలి, తప్పెటగుళ్ల బొమ్మ ఒక ఉదాహరణగా చివర రావాలి.

దానితో పాటు కొలతలు కావాలి. తెర మూలలో ఒక తెల్లని చదరం వెలిగించి, అది కెమెరాలో ఎన్నో ఫ్రేములో కనిపించిందో లెక్కపెడితే మొత్తం ఆలస్యం తెలుస్తుంది. సెకనుకు 30 ఫ్రేముల కెమెరాకు ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. ఎవరూ కదలని గదిలో బొమ్మను మాత్రమే ఆడించి, మీ పద్ధతి లేకుండా ఎన్నిసార్లు కదలిక ఉన్నట్లు తప్పుగా తేలింది, ఉన్నప్పుడు ఎన్నిసార్లు తేలింది అన్నది పట్టికగా రాయండి. చీకటి గదిలో, ట్యూబులైటు వెలుగులో, కిటికీ తెరిచిన పగటి వేళ విడివిడిగా చేయండి. నా దరఖాస్తు మీద 3(కె) అభ్యంతరం వచ్చినప్పుడు వీడియో కాన్ఫరెన్సులో జరిగిన విచారణలో, ఒకే వీడియో ముక్కను అదే 2 మెగాబిట్లలో పాత పద్ధతితోనూ కొత్త పద్ధతితోనూ కుదించి పోల్చిన పట్టికే నాకు ఎక్కువగా ఉపయోగపడింది.

విధానం గురించి క్లుప్తంగా చెబుతాను. ముందు ప్రొవిజనల్ స్పెసిఫికేషన్‌తో, అంటే ఆవిష్కరణ తాత్కాలిక వివరణ పత్రంతో, దరఖాస్తు వేయండి. పూర్తి స్పెసిఫికేషన్‌కు 12 నెలల వ్యవధి ఉంటుంది. వ్యక్తులకు ఆన్‌లైన్ దాఖలు రుసుము 1,600 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తుంది, అక్కడికి వెళ్లవలసిన అవసరం లేదు. కార్యాలయం దరఖాస్తును పరీక్షించడానికి విడిగా 31 నెలల లోపు అభ్యర్థన పెట్టాలి, మరచిపోతే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్లే అవుతుంది. ప్రొవిజనల్‌లో ఏం రాస్తే దానికే ఆ తేదీ రక్షణ ఉంటుంది కాబట్టి రెండు పేజీలతో సరిపెట్టకుండా ఆ మూడు చిక్కులనూ, మీ పరిష్కారాన్నీ, పట్టికనూ పూర్తిగా రాయండి. ఆవిష్కర్తలుగా నిజంగా ఆలోచన ఇచ్చినవాళ్ల పేర్లే ఉండాలి, దరఖాస్తుదారు మీరా కళాశాలా అన్నది మీ గైడుతో ముందే మాట్లాడి కాగితం మీద పెట్టుకోండి. కాపీరైటు మీరు కోడు రాసిన క్షణం నుంచే మీకు ఉంది, నమోదు తప్పనిసరి కాదు. కానీ అది రాసిన కోడును కాపాడుతుంది, అందులోని పద్ధతిని కాపాడదు. మరొకరు అదే పద్ధతిని తమ కోడుతో రాసుకుంటే కాపీరైటు అడ్డురాదు.

వచ్చే నెలలోపు దరఖాస్తు సిద్ధం కాకపోతే ప్రదర్శన మానుకోవలసిన పని లేదు. ఆ ఒక్క రోజుకు పరారుణ దీపం, ఫిల్టరు ఉన్న కెమెరా తెచ్చి పెట్టండి. తీసివేత భాగాన్ని ప్రోగ్రాములో నుంచి పూర్తిగా తొలగించిన ప్రతిని నడపండి. పిల్లలు అడుగులు వేస్తారు, గోడమీద బొమ్మ ఆడుతుంది, పోస్టరు మీద తప్పెటగుళ్ల గురించీ కళాకారుల గురించీ రాయండి. ఎవరైనా వెలుగు సంగతి అడిగితే ఆ దీపాన్నీ ఫిల్టరునూ చూపించండి. అక్కడ నడుస్తున్నది అదే కాబట్టి మీరు చెప్పే జవాబు కూడా నిజమే అవుతుంది.