తిరగబెట్టిన మెదడు కణితి, మందుల జోడీ, ట్రయల్ ఫారం

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఆరో ఏట చిన్నమెదడులో కణితి వస్తే ఆపరేషన్ చేసి తీశారు. మెడుల్లోబ్లాస్టోమా అన్నారు. తల నుంచి వెన్ను చివరిదాకా రేడియేషన్, ఆ తర్వాత చాలా నెలలు కీమో ఇచ్చారు. బడికి వెళ్తున్నాడని కుదుటపడేలోపే, గత నెల తీసిన ఎమ్మారైలో వెన్నుపాము వెంట రెండు చోట్ల మళ్లీ కనిపించిందన్నారు. ఇప్పుడు టెమోజోలమైడ్, ఐరినోటికాన్ అనే రెండు మందులు కలిపి ఇస్తామంటున్నారు. వీటికి మూడో మందు కలిపి చూసే ట్రయల్ ఒకటి ఉందట. మూడో మందు ఎవరికి ఇవ్వాలో కంప్యూటరు చీటీ తీసినట్టు తేలుస్తుందట. సంతకం పెట్టమని పెద్ద ఫారం చేతికిచ్చారు. మా అత్తగారు "పసివాడి మీద ప్రయోగాలా?" అని ఏడుస్తున్నారు. ఏం చేయాలి?
(పేరు, ఊరు ప్రచురించవద్దని కోరిన ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ అత్తగారి భయాన్ని నేను తీసిపారేయను. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, చాలామంది విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని బయటపడింది. 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటరీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అడగకుండా, చెప్పకుండా చేసిన పని అది. మీకు ఫారం ఇచ్చి, ఇంటికి తీసుకెళ్లి చదువుకోమంటున్నారంటే పరిస్థితి వేరు. అయితే ఆ ఫారం తెలుగులో ఉండాలి, అర్థం కాని ప్రతి మాటనూ మీ ఎదుట కూర్చుని ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. అది మీ హక్కు.

ముందు, రెండు మందులు ఎందుకో చెబుతాను. మొదటి విడతలో వాడిన మందులను తట్టుకుని మిగిలిన కణాలే ఇప్పుడు మళ్లీ పెరిగాయి కాబట్టి అవే మందులతో పెద్దగా ఫలితం ఆశించలేము. పైగా మొదటి కీమోలో సాధారణంగా వాడే సిస్‌ప్లాటిన్ వల్ల వినికిడి, విన్‌క్రిస్టిన్ వల్ల కాళ్ల నరాలు ఇప్పటికే కొంత దెబ్బతిని ఉంటాయి. టెమోజోలమైడ్ నోటిద్వారా వేసుకునే క్యాప్సూల్. రక్తానికి, మెదడుకు మధ్య ఉండే కంచెను దాటగల కొద్ది మందుల్లో అదొకటి. అది కణితి కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. డీఎన్‌ఏ అంటే పురి ఎక్కిన తాడు లాంటిది. కణం రెండుగా చీలేముందు ఆ పురి విప్పుకోవాలి, పురి విప్పే ఎంజైమును ఐరినోటికాన్ అడ్డుకుంటుంది. టెమోజోలమైడ్ ముందు పడి, ఐరినోటికాన్ తర్వాత పడితేనే దెబ్బ బలంగా ఉంటుందని జంతువులపై పరీక్షల్లో తేలింది. అందుకే క్యాప్సూల్ మింగించిన గంటకు గానీ నరంలోకి మందు ఎక్కించరు. రెండింటి చెడు ప్రభావాలు కూడా చాలావరకు వేర్వేరు. మొదటిది ప్రధానంగా రక్తకణాలను తగ్గిస్తుంది, రెండోది ప్రధానంగా విరేచనాలు తెస్తుంది. రెండూ ఒకే అవయవం మీద పడేవైతే ఈ జోడీ కుదిరేదే కాదు.

విరేచనాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంటి దగ్గర తల్లి కనిపెట్టి చూసుకోవలసింది దాన్నే. ఐరినోటికాన్‌ను కాలేయం విరిచి పేగులోకి పంపిస్తే, పేగులోని బ్యాక్టీరియా దాన్ని మళ్లీ చురుకైన మందుగా మార్చి పేగు గోడను కాలుస్తుంది. ఆ బ్యాక్టీరియాను అణచడానికే చాలాచోట్ల పిల్లలకు సెఫిక్సిమ్ ముందుగానే మొదలుపెడతారు. జ్వరం లేకపోయినా యాంటీబయోటిక్ ఎందుకని కంగారుపడవద్దు. మీ ఇంట్లో ఎవరికైనా పస్తున్నప్పుడో నీరసించినప్పుడో కళ్లు పచ్చబడే లక్షణం ఉంటే ఇప్పుడే డాక్టరుకు చెప్పండి, అలాంటివారిలో ఈ మందు త్వరగా విరగక ఎక్కువ హాని చేయవచ్చు. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడుతుంటే అది ఐరినోటికాన్ బలాన్ని తగ్గించేస్తుంది, కనుక అదీ చెప్పండి, కానీ మీ అంతట మీరు ఆపకండి. ఎవరో ఇచ్చిన ఆకుపసర్లు మాత్రం డాక్టరుకు తెలియకుండా పట్టవద్దు.

ఇక ఆ మూడో మందు. మీరు పేరు రాయలేదు కాబట్టి ఇదే రెండు మందులకు మూడోదాన్ని కలిపి చూసిన ఒక పరీక్ష గురించి చెబుతాను. అమెరికా కేంద్రంగా ఉన్న చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ మెడుల్లోబ్లాస్టోమా, దాని తరహా కణితులు తిరగబెట్టిన 105 మందికి టెమోజోలమైడ్, ఐరినోటికాన్ ఇస్తూ, వారిలో చీటీ తీసినట్టు ఎంపికైన దాదాపు సగం మందికి బెవాసిజుమాబ్ కూడా కలిపింది. కణితి తన కోసం కొత్త రక్తనాళాలు అల్లుకోకుండా చేసే మందు అది. 2021లో ఫలితాలు వచ్చాయి. రెండు మందులే తీసుకున్నవారిలో సగం మంది 13 నెలలు దాటి బతికితే, మూడూ తీసుకున్నవారిలో సగం మంది 19 నెలలు దాటారు. అంటే ఆరు నెలల తేడా. నయమైపోవడం కాదు. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ సంతకం పెట్టబోయే తల్లికి ఇది తెలియాలి.

ఆ ఆరు నెలలు నిజంగా మందు వల్ల వచ్చినవేనని నమ్మగలుగుతున్నామంటే కారణం ఆ చీటీయే. డాక్టరుకు వదిలేస్తే, తెలియకుండానే కాస్త కోలుకున్నట్టు కనిపించే పిల్లలకు కొత్త మందు రాస్తాడు, ఫలితం మెరుగ్గా వస్తే అది మందు గొప్పో పిల్లల ఓపికో తేలదు. వియన్నా వైద్యులు నడిపించిన మరో పద్ధతిలో థాలిడోమైడ్, సెలెకాక్సిబ్, ఫెనోఫైబ్రేట్, తక్కువ మోతాదు కీమో మాత్రలు, బెవాసిజుమాబ్ అన్నీ కలుపుతారు. 2023లో 40 మంది ఫలితాలు ప్రచురించారు. ఆశ కలిగించే ఫలితాలే, కానీ పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. అందువల్ల దాని అంకెలను పై అంకెల పక్కన పెట్టి "ఇదే మేలు" అనేవారి మాట నేనైతే వెంటనే ఒప్పుకోను.

మీరు డాక్టరును మొదట అడగవలసింది ఈ ట్రయల్ ఏ దశదని. మొదటి దశ అయితే అది మోతాదు ఎంతవరకు భరించగలరో తెలుసుకోవడానికి చేసేది. సాధారణంగా ముగ్గురు పిల్లలకు ఒక మోతాదు ఇచ్చి, ఎవరికీ తీవ్రమైన ఇబ్బంది రాకపోతే తర్వాతి ముగ్గురికి కాస్త పెంచుతారు. అక్కడ పిల్లవాడికి మేలు జరగవచ్చు, కానీ పరీక్ష ఉద్దేశం అది కాదు. మీరు రాసినట్టు చీటీ వేసే ట్రయల్ సాధారణంగా రెండో దశో మూడో దశో అయి ఉంటుంది. ఎటు చీటీ పడినా మీ బాబుకు ఆ రెండు మందులూ అందుతాయని రూఢి చేసుకున్నాక చేరడంలో మీరు పోగొట్టుకునేది తక్కువని నా అభిప్రాయం. అయితే అదనపు స్కాన్లు, రక్తపరీక్షలు, ప్రయాణాలు ఎన్నో లెక్క వేసుకోండి. 2019 నాటి నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకున్నంత మాత్రాన మామూలు చికిత్స ఆపకూడదు. మన దేశంలో జరిగే ట్రయల్స్ జాబితా అయిన సీటీఆర్ఐలో నమోదైన సంఖ్య అడిగి రాసుకోండి. చేరినా చేరకపోయినా, నొప్పి, వాంతులు అదుపులో పెట్టే పాలియేటివ్ వైద్యుల్ని ఇప్పుడే కలవండి, అది చివరి రోజులకు దాచుకునే వైద్యం కాదు.

ప్రశ్న (అదే ఉత్తరంలో): వాడికి ఏమీ చెప్పకుండా చేర్పించవచ్చా?

జవాబు: కుదరదు, కూడదు కూడా. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల దగ్గర నోటిమాటగానైనా సమ్మతి తీసుకోవాలి. మూడేళ్లుగా ఆసుపత్రులు చూసిన పిల్లవాడికి ఏదో జరుగుతోందని తెలియకుండా ఉండదు. "వెన్నులో మళ్లీ వచ్చింది, కొత్త మందులు వేస్తారు, వాటిలో ఒకటి పనిచేస్తుందో లేదో డాక్టర్లు ఇంకా నేర్చుకుంటున్నారు" అని చెబితే చాలు. వాడు బహుశా అడిగేది సూదులు ఎన్ని, బడి ఎన్ని రోజులు పోతుంది అని. మూడు నాలుగు వారాలకోసారి అయిదు రోజులు వరసగా ఆసుపత్రికి రావలసి ఉంటుందని నిజమే చెప్పండి. క్యాప్సూల్‌ను విప్పి పొడి కలపకూడదు, ఆ పొడి మీ చేతికి తగలడం కూడా మంచిది కాదు. మింగలేడనుకుంటే ఈ వారం నుంచే చక్కెర పూసిన సోంపు గింజలతో మొదలుపెట్టి, కాస్త పెద్ద చక్కెర బిళ్లల వరకు, నీళ్లతో గుటుక్కుమని మింగడం ఆటలా అలవాటు చేయండి.